సాబొటేజ్ మాట చెక్క బూటు నుంచి ఎలా వచ్చింది? నిజంగా యంత్రాల్లోకి విసిరారా?

మీరు అడిగినవి రెండు. ఫ్రాన్స్ కార్మికులు 'సబో' అనే చెక్క బూట్లను యంత్రాల్లోకి విసిరి పాడుచేసేవారని, సాబొటేజ్ అనే మాట అలా పుట్టిందని ఎక్కడో చదివారు. కాలేజీ పత్రికకు రాసే వ్యాసంలో అది వాడుకోవచ్చా అన్నది మొదటిది. చెక్క బూట్లకు మిగతా భాషల్లో ఉన్న పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్తాను. సాబొటేజ్ సబో నుంచే వచ్చింది, అందులో సందేహం లేదు. విసరడం వల్ల మాత్రం రాలేదు. విసిరారనడానికి ఆ కాలం నాటి ఆధారం ఏదీ దొరకలేదు. ఆ బూట్లు వేసుకుని నడిచే తీరులోంచి, ఆ తీరుతో పోల్చిన మొరటు పనిలోంచి వచ్చింది ఆ మాట.

నేను ఫ్రెంచి నుంచి సాంకేతిక పత్రాలు అనువదించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ మాట నాకు పదే పదే ఎదురవుతుంది, ప్రతిసారీ కొత్త అర్థంతో. రైలు చక్రాన్ని నొక్కిపట్టి ఆపే బ్రేకు దిమ్మ ఫ్రెంచివాళ్లకు సబో. వంతెన పునాది కోసం నేలలోకి దిగ్గొట్టే గుంజ మొనకు తొడిగే ఇనప తొడుగు కూడా సబోయే. అడ్డదిడ్డంగా పార్క్ చేసిన కారు చక్రానికి వేసే తాళం 'డెన్వర్ సబో', అమెరికాలోని డెన్వర్ నగరం పేరు మీద. జూదశాలల్లో పేక ముక్కల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగే పెట్టె సబో. గుర్రం డెక్క సబో. 1793 జులైలో షార్లొత్ కోర్దే కత్తితో పొడిచేటప్పటికి విప్లవ నాయకుడు మరా కూర్చున్న స్నానపు తొట్టిని సబో తొట్టి అంటారు, బూటులా ముందువైపు మూసుకుని ఉంటుంది కనక. యుద్ధ ట్యాంకు పేల్చే సన్నటి గుండు ఫిరంగి గొట్టంలో వదులుగా ఆడకుండా చుట్టూ తొడిగే తొడుగు పేరు ఇంగ్లీషులో కూడా సబోనే. గొట్టం దాటగానే ఆ తొడుగు విడిపోయి పడిపోతుంది, గుండు ఒక్కటే ముందుకు పోతుంది.

ఇన్ని అర్థాలున్నా దేనిలోనూ విసరడం లేదు చూడండి. దేనికో ఒకదానికి కింద గానీ చివర గానీ తొడిగే గట్టి వస్తువు అన్నదే వీటన్నిటిలో ఉన్న పోలిక. పాత రైల్వే ఫ్రెంచిలో అయితే 'సబోతాజ్' అన్నమాట మామూలు పని పేరు: పట్టాల కింద వేసే చెక్క దిమ్మల్లో, పట్టాను పట్టి ఉంచే ఇనప దిమ్మ సరిగ్గా కూర్చునేలా గాడి చెక్కడం. ఆ అర్థం తెలియకుండా అనువదిస్తే రైల్వే కంపెనీ తన పట్టాలను తానే ధ్వంసం చేసుకున్నట్టు వస్తుంది.

ఇక నడక సంగతి. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌కు దగ్గర్లో జాన్సె స్ఖాన్స్ అని పాత గాలిమరలు ఉన్న ఊరుంది. అక్కడ చెక్క బూట్లు చెక్కి చూపించే పనిశాల ఉంది. పచ్చి పాప్లర్ చెక్క దిమ్మ నుంచి బూటు బయటికి రావడం చూశాక, ఒక జత తొడుక్కుని ఆ రాళ్లు పరిచిన దారి మీద నడిచాను. ఈ మాట గురించి ఎన్ని నిఘంటువులు తిరగేసినా తెలియనిది నాకు అక్కడ తెలిసింది. పాదం వంగాలని చూస్తుంది, చెక్క వంగనివ్వదు. మడమ పైకి లేస్తుంది, బూటు కిందే ఉండిపోతుంది. వేగం పెంచితే కాలు తడబడుతుంది. ప్రతి అడుగూ చప్పుడే, ఆ చప్పుడు దాచుకోవడానికి వీల్లేదు. అలవాటైన రైతులు వీటితోనే రోజంతా బురదలో పనిచేశారు, వాళ్లకు ఇవి వెచ్చగా, పొడిగా, చవకగా ఉండేవి. అలవాటు లేని నాలాంటివాళ్లు వేసుకుంటే చూసేవాళ్లకు కనిపించేది మొరటుతనమే.

ఫ్రెంచివాళ్లు చేసింది సరిగ్గా ఇదే. 'సబోతే' అనే క్రియకు మొదట సబోలతో చప్పుడు చేస్తూ నడవడం అని అర్థం, తర్వాత పనిని హడావుడిగా, నాసిరకంగా చేసి పారేయడం అని అర్థం. ఇప్పటికీ ఎవరైనా పియానో ఘోరంగా వాయిస్తే 'సబోలా వాయించాడు' అంటారు. అంటే 19వ శతాబ్దంలో కార్మిక సంఘాలు ఈ మాట అందుకునే సమయానికే అందులో 'చెడగొట్టిన పని' అనే అర్థం సిద్ధంగా ఉంది. బూటు ఎవరూ విసరనక్కర్లేకుండానే.

దాన్ని ఉద్యమం మాటగా మార్చిన సందర్భం కూడా మనకు తెలుసు. 1897లో తులూజ్ నగరంలో ఫ్రెంచి కార్మిక సంఘాల సమాఖ్య మహాసభ జరిగింది. కార్మిక నాయకుడు ఎమీల్ పూజే మరికొందరితో కలిసి అక్కడ ఒక నివేదిక పెట్టాడు: బాయ్‌కాట్‌తో పాటు సబోతాజ్‌ను కూడా పోరాట పద్ధతిగా తీసుకోవాలని. సభ ఒప్పుకుంది. పూజేకు ప్రేరణ యంత్రాలు విరగ్గొట్టిన సంఘటనేదో కాదు, స్కాట్లాండ్ రేవు కూలీల ఎత్తుగడ. 1889లో గ్లాస్గో రేవులో కూలి పెంచమని సమ్మె జరిగింది. యజమానులు పొలం పనివాళ్లను తెచ్చి సరుకు దింపించారు, సమ్మె ఓడిపోయింది. కూలీలు తిరిగి పనిలో చేరి, ఆ పొలం పనివాళ్లు ఎంత నెమ్మదిగా, ఎంత చేతకానట్టు చేశారో అచ్చం అలాగే చేయడం మొదలుపెట్టారు. వాళ్లతో మీకు సరిపోయినప్పుడు మాతోనూ సరిపోవాలి కదా అన్నారు. చివరికి యజమానులు పెంపు ఇచ్చి, మునుపటిలా పనిచేయమన్నారు. దీనికి అక్కడి మాటలో 'కా కానీ' అని పేరు, నెమ్మదిగా చూసుకుని సాగమని అర్థం. పూజే దీన్ని ఫ్రెంచిలోకి తెస్తూ 'చెడ్డ కూలికి చెడ్డ పని' అన్న సూత్రంగా చెప్పాడు. సబోతాజ్ అంతకుముందు వీధి యాసలో 'సబోలతో బాదినట్టు చేసిన పని' అనే అర్థంలో ఉండేదని తర్వాత తానే రాశాడు. ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవాడి వివరణే ఇది. ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం ఏ మాటకైనా దొరకడం అరుదు.

ఇంగ్లీషులోకి ఇది 1910 ప్రాంతంలో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో ఫ్రాన్స్‌లో పెద్ద రైల్వే సమ్మె జరిగింది. ప్రధాని అరిస్టీడ్ బ్రియాఁ సమ్మె చేసేవాళ్లను సైన్యంలోకి పిలిచి దాన్ని అణిచాడు. సమ్మె వార్తలతో పాటు ఈ మాట కూడా బ్రిటన్, అమెరికా పత్రికలకు ఎక్కింది. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల్లో వంతెనలు, పట్టాలు పేల్చడం దాకా దాని అర్థం సాగింది. నెమ్మదిగా పనిచేయడం అనే అసలు అర్థం మరుగున పడిపోయింది.

విసిరిన కథ తేలిపోయేది ఇక్కడే, తేదీల దగ్గర. ఆ కథ చెప్పేవాళ్లు దాన్ని పారిశ్రామిక విప్లవం తొలిరోజుల్లో పెడతారు: ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జకార్ మగ్గాలు (చిల్లుల అట్టలతో నడిచే నేత యంత్రాలు) వచ్చిన కాలం, అంటే 1804 తర్వాత, లేదా ఇంగ్లండ్‌లో లడ్డైట్లు మగ్గాలు పగలగొట్టిన కాలం, 1811 తర్వాత. లడ్డైట్లు యంత్రాలు పగలగొట్టిన మాట నిజం, సుత్తులతో. కానీ కార్మిక పోరాటం అనే అర్థంలో మాట బయటపడింది 1890లలో. మధ్యలో దాదాపు ఎనభై ఏళ్ల ఖాళీ ఉంది. యంత్రంలోకి బూటు విసరడం వల్లే మాట పుట్టి ఉంటే అన్నేళ్లు ఎవరూ వాడకుండా ఎక్కడ దాక్కుంది? ఇదే కథను డచ్చి కార్మికుల పేరు మీద చెప్పేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా కుదరదు. డచ్చి భాషలో చెక్క బూటు 'క్లోంప్', సబో కాదు.

సబో పుట్టుక విషయానికొస్తే, ఎక్కువమంది పండితులు దాన్ని రెండు పాత ఫ్రెంచి మాటల కలయికగా చూస్తారు: పాత చెప్పు అనే అర్థం ఉన్న 'సవాత్', బూటు అనే అర్థం ఉన్న 'బోత్'. సవాత్ చుట్టాలు చాలామంది. స్పానిష్‌లో 'సపాతో', పోర్చుగీసులో 'సపాతు', ఇటాలియన్‌లో 'చబత్త'. కాళ్లతో తన్నే ఫ్రెంచి పోరాట క్రీడ ఒకటుంది, దాని పేరూ సవాతే. బేకరీల్లో కనిపించే చబత్త రొట్టె కూడా ఇదే మాట, చెప్పులా చదునుగా ఉంటుందని 1982లో దాన్ని తయారుచేసిన ఇటాలియన్ ఆ పేరు పెట్టాడు. పోర్చుగీసువాళ్ల ఓడలతో సపాతు ఆసియాకు వచ్చి ఇండొనేసియాలో 'సెపాతు', సింహళంలో 'సపత్తు', శ్రీలంక తమిళంలో 'సప్పాత్తు' అయింది. ఈ కుటుంబం అంతటికీ మూలమైన మాట ఏ భాషదో భాషా శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు.

ఇది చదవగానే మన 'చెప్పు' గుర్తొస్తే ఆశ్చర్యం లేదు, నన్ను చాలామంది అడిగారు. సంబంధం లేదు. చెప్పు ద్రావిడ పదం. తమిళంలో 'సెరుప్పు', మలయాళంలో 'చెరిప్పు', కన్నడంలో 'కెర' దాని తోబుట్టువులు. పోర్చుగీసువాళ్లు రాకముందు నుంచీ ఉన్న మాట. పలికే తీరు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం.

డచ్చి క్లోంప్, ఇంగ్లీషు 'క్లాగ్' రెండూ చెక్క నుంచే పేరు తెచ్చుకున్నాయి. క్లోంప్ అంటే ముద్ద, దిమ్మ. ఆమ్‌స్టర్‌డామ్‌లో తవ్వకాల్లో దొరికిన పాత చెక్క బూటు సుమారు 1230 నాటిది. డచ్చివాళ్లకు నమ్మలేని విషయం ఏదైనా వింటే 'ఇప్పుడు నా క్లోంప్ పగిలింది' అంటారు. ఎదుటివాడి ఎత్తు ముందే కనిపెట్టేస్తే ఫ్రెంచివాళ్లు 'పెద్ద పెద్ద సబోలతో వస్తున్నావుగా, కనిపిస్తూనే ఉంది' అంటారు. డెన్మార్క్‌లో ఎవరైనా చనిపోతే 'చెక్క బూట్లు పక్కన పెట్టేశాడు' అని చెప్పుకుంటారు.

క్లాగ్ మాత్రం కాసేపు ఆగి చూడాల్సిన మాట. దాని మొదటి అర్థం చెక్క దిమ్మ. పశువు దూరం పోకుండా కాలికో మెడకో కట్టే దిమ్మను కూడా క్లాగ్ అన్నారు. మన గుదిబండ ఉంది చూడండి, అదే. గుదిబండ మనకు అడ్డంకి, భారం అనే అర్థంలోకి ఎలా వచ్చిందో, క్లాగ్ కూడా అలాగే అడ్డుకోవడం అయింది, అక్కణ్ణుంచి పైపులో చెత్త అడ్డుపడటం అయింది. ఇంకోవైపు అదే దిమ్మ చెక్క అడుగున్న బూటు అయింది. ఇంగ్లండ్‌లో లాంకషైర్ మిల్లు కార్మికులు వేసుకున్నవి పూర్తి చెక్కవి కావు: అడుగు ఆల్డర్ చెక్క, పైన తోలు, కింద ఇనప పట్టీ. ఒక తరం కష్టపడి సంపాదించింది మనవల కాలానికి ఆవిరైపోతుందని చెప్పడానికి 'మూడు తరాల్లో క్లాగ్ నుంచి క్లాగ్‌కు' అనే సామెత అక్కడిదే. సబో, క్లాగ్ రెండూ వేర్వేరు దారుల్లో వచ్చి చివరికి పని ఆగిపోవడం దగ్గరే కలవడం నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లాటిన్ శాఖ. రోమన్ హాస్య నాటకాల నటులు వేసుకునే పలచటి చెప్పు 'సొక్కుస్'. విషాద నాటకాల వాళ్లు వేసుకునే ఎత్తు బూటు వేరు, కాబట్టి రోమన్‌కు సొక్కుస్ అంటే హాస్యమే గుర్తొచ్చేది. ఇంగ్లీషులో ఇదే 'సాక్' అయింది, మనం రోజూ తొడిగే సాక్సు. స్పానిష్‌లో అదే మాట 'సుయెకో' అయి చెక్క బూటు అయింది. ఇటాలియన్‌లో దాని చిన్న రూపం 'జొక్కొలో' అయింది. అంటే మెత్తటి మేజోడూ, గట్టి చెక్క బూటూ ఒకే తల్లి బిడ్డలు. జొక్కొలోకు చెక్క బూటుతో పాటు గుర్రం డెక్క అనీ, విగ్రహం కింది పీఠం అనీ అర్థాలున్నాయి. సబోకు ఉన్న 'కింద తొడిగేది' అనే ఊహే ఇక్కడా పనిచేసింది, ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకోకుండానే. స్పానిష్‌లో పీఠం అనే అర్థంతో ఉన్న రూపం 'సోకలో'. 1843లో మెక్సికో నగరం నడిబొడ్డున స్వాతంత్ర్య స్తంభం కట్టాలని అప్పటి అధ్యక్షుడు శాంతా అన్నా ఆదేశించాడు. పీఠం కట్టారు, స్తంభం లేవలేదు. జనం ఆ మైదానాన్నే సోకలో అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పీఠం ఇప్పుడు పైకి కనిపించదు, అధికారిక పేరు రాజ్యాంగ మైదానం, అయినా అందరూ అనేది సోకలోనే. మెక్సికోలో ఇతర నగరాల ప్రధాన మైదానాలకు కూడా అదే పేరు అంటుకుంది. రోమన్ హాస్యనటుడి చెప్పు అక్కడిదాకా వెళ్లింది.

గ్రీకు నుంచి ఒక దారి ఉంది. చెప్పులు కుట్టేవాళ్లు తోలును చుట్టి ఆకారం తెచ్చే చెక్క అచ్చును గ్రీకులో 'చెక్క కాలు' అనే అర్థం వచ్చేలా 'కాలాపూస్' అన్నారు. అరబ్బీలో అది 'కాలిబ్', అంటే అచ్చు. తుపాకీ గొట్టం కొలతను చెప్పే 'క్యాలిబర్' అక్కణ్ణుంచే వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. క్యాలిబర్‌కు సరిపోయేలా గుండుకు సబో తొడుగుతారు కదా, ఆ ఆయుధ భాషలో ఈ రెండు పాదాల మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.

అరబ్బీవాళ్లకు చెక్క బూటు 'కబ్‌కాబ్', అది పూర్తిగా చప్పుడు మీద పెట్టిన పేరు. స్నానశాలల్లో తడి నేల మీద వేసుకునేవారు. ఈజిప్టును 1250లో కొద్దికాలం స్వయంగా పాలించిన రాణి షజర్ అల్ దుర్‌ను 1257లో దాసీలు కబ్‌కాబ్‌లతో కొట్టి చంపారని చరిత్రకారులు రాశారు. టర్కీలో ఇవే బూట్లను 'నాలిన్' అంటారు, అరబ్బీలో రెండు చెప్పులు అనే మాట నుంచి. ఉర్దూలో గుర్రపు లాడాన్ని 'నాల్' అంటారే, అందులో ఉన్నదీ ఆ చెప్పే.

జపాన్‌వాళ్ల 'గెతా' కింద రెండు పళ్లున్న చెక్క చెప్పు. గెతా తొడుక్కుని బయల్దేరేదాకా గెలుపోటములు తెలియవని వాళ్ల మాట. అచ్చు పనిలో అవసరమైన అక్షరం దొరకనప్పుడు ఆ చోట పెట్టే రెండు అడ్డగీతల గుర్తును కూడా గెతా అనే అంటారు, నేల మీద పడిన ఆ పళ్ల ముద్రలా ఉంటుందని.

మన పాదుక గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది తక్కువ. పాదం నుంచి వచ్చింది, పావుకోళ్ళు అనేది దానికి తెలుగులో వాడుక మాట. చెప్పాల్సింది అది దేశం దాటాక ఏమైందన్నది. మలయ్ భాషలో 'పదుక' రాజుల బిరుదు. మలేసియా రాజును సంబోధించే పూర్తి బిరుదులో ఇప్పటికీ 'సెరి పదుక బగిందా' అని వస్తుంది. రాజును నేరుగా పిలవడం మర్యాద కాదు కాబట్టి ఆయన పాదుకలను పిలుస్తున్నట్టు లెక్క. అక్కడి మరో రాజ బిరుదు 'దులి' కూడా మన ధూళే. భరతుడు నందిగ్రామంలో పాదుకలను సింహాసనం మీద పెట్టి పాలించిన కథ తెలిసినవాళ్లకు ఇందులో వింతేం కనిపించదు. యూరప్‌లో చెక్క బూటు రైతుది, కూలివాడిది. అందుకే సబో మొరటుతనానికి పేరు అయింది. మన దగ్గర అది గురువుదీ రాజుదీ కూడా. అందుకే బిరుదు అయింది. ఆ మాటలకు గౌరవమో అగౌరవమో తెచ్చింది వేసుకున్న మనుషులే అని నా అభిప్రాయం, చెక్కకు అందులో పాత్ర లేదు.

మీ వ్యాసంలో విసిరిన కథ పెట్టాలనుకుంటే 'అని ఒక కథ ఉంది' అని పెట్టండి, పక్కనే తులూజ్, 1897, పూజే సంగతి రాయండి. గ్లాస్గో కూలీల ఉదంతం ఇంకా బాగుంటుంది, చదివేవాళ్లు ఆసక్తిగా చదువుతారు, పైగా జరిగిన విషయం. ఇంకో చిన్న మాట: తెలుగులో చాలాచోట్ల 'సబాట్' అని రాస్తున్నారు. ఫ్రెంచిలో చివరి అక్షరం పలకరు, 'సబో' అనే రాయండి.